కట్ట కింద మనుషులు

ఆ ఏడు వానలు బాగా పడుతున్నాయని భయపడిన మనిషిని మా చుట్టుపక్కల నేనొక్కదాన్నే. బేతంచెర్ల దగ్గర మా ఊళ్ళో చినుకు పడితే జనం గడప దాటి వచ్చి మరీ తడుస్తారు. నేను మాత్రం పొయ్యి ముందు కూర్చుని చెరువు కట్ట వైపు చెవి పెట్టేదాన్ని. మొదట్నుంచీ నేను పిరికిదాన్నే. బల్లిని చూస్తే అరుస్తాను, లారీ హారన్ కొడితే పక్కనున్నవాళ్ళ చెయ్యి పట్టుకుంటాను. అలాంటిదానికి లారీ డ్రైవర్ని మొగుడిగా రాశాడు దేవుడు. వీరభద్ర నెలలో సగం రోజులు బండల లోడుతో బెంగళూరు దారిలోనే ఉంటాడు. కట్ట కంటే ఎత్తున, గుట్ట వాలులో ఉన్న ఇంట్లో నేను, నా కూతురు శివకుమారి, అత్తా మామా. అయితే ఆ ఏటి భయం బల్లి భయం లాంటిది కాదు. కడుపులో కూర్చుని, అన్నం దిగనివ్వని భయం.

కట్ట మాది. సర్కారుది కాదు. మా మామ శేషన్న వాళ్ళ నాయన రెండు గుట్టల మధ్య వానకు పారే వంకకు అడ్డంగా, ఎద్దుల బండ్లతో ఎర్రమట్టి తోలించి వేసినది. నిండితే మిగులు నీళ్ళు పోవడానికి ఒక కొసన గుట్టను ఆనుకుని రాతి మరవ ఉంది. నేను కాపురానికి వచ్చాక ఆ మరవ పారింది ఒక్కసారి కూడా చూడలేదు. పారని మరవకు కాలవెందుకని మామ ఆ కాలవను చదును చేసి దున్ని మిరప పెట్టాడు. అంతటితో ఊరుకున్నాడా? ఆ ఎండాకాలం పాలీష్ ఫ్యాక్టరీల బయట పారేసిన బండముక్కలు ట్రాక్టరుతో తోలుకొచ్చి, మరవ మీద మోకాటి ఎత్తున సిమెంటుతో పేర్పించాడు.

"ఈసారి వానొస్తే ఒక్క చుక్క గూడా బయటికి పోగూడదు," అన్నాడు మీసం తుడుచుకుంటూ. ఆయన్ని ఎవరూ తప్పు పట్టలేదు. వచ్చిన నీళ్ళను వచ్చినట్టే పోనిచ్చేవాణ్ణి మా వైపు పిచ్చివాడంటారు.

కట్ట అడుగున, బయటి వైపు, ఒక ఊట ఉంది. చెరువులో నీళ్ళు అడుగంటినా అక్కడ తడి ఆరదు. అత్త సుంకులమ్మ దానికి గంగమ్మ ఊట అని పేరు పెట్టి, చుట్టూ రాళ్ళు పేర్చి, పసుపూ కుంకుమా పెట్టింది. ఊటకు అవతల, పిలిస్తే పలికేంత దూరంలో రేకుల ఇళ్ళు లేచి రెండేళ్ళయింది. పక్క రైతు బీడును ప్లాట్లు వేసి అమ్మితే, గనుల్లో పనిచేసేవాళ్ళు కొనుక్కుని కట్టుకున్నారు. అందులో మొదటి ఇల్లు కృపమణిది. ఆమె మొగుడు ఏసేపు గనిలో రాయి కొడతాడు. కృపమణి మా మిరపలో కలుపు తీయడానికి వచ్చేది. నా కూతురు పాలు మానేటప్పుడు నేను ఏడుస్తుంటే, నన్ను తిట్టి పిల్లను ఎత్తుకుపోయి మూడు రోజులు తన పిల్లలతో పాటు పెట్టుకున్న మనిషి ఆమె. ఊళ్ళో నాకు ఆమె కంటే దగ్గరివాళ్ళు లేరు.

శ్రావణంలో ఊట సన్నబడింది. బిందె నిండేలోగా ఒక సినిమా చూసి రావచ్చు. మా వైపు శ్రావణంలోనే చేసే నాగుల చవితి నాడు పుట్టలో పాలు పోసి వస్తూ అత్త ఊట దగ్గర ఆగింది.

"గంగమ్మ నోరు మూసుకునింది. కొంచెం తెరుద్దాం పాండి," అంది.

గడ్డపార తెచ్చారు. ఆడవాళ్ళంతా తలా కాసేపు తవ్వారు. కట్టలోకి చెయ్యి పట్టేంత లోతున బొక్క పడింది, నీళ్ళు బొటబొటా వచ్చాయి. కొబ్బరికాయ కొట్టారు. చర్చికి పోయే కృపమణి కూడా ఒక పక్కకు తిరిగి కళ్ళు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకుని, అందరికంటే ముందు బిందె పెట్టింది. అత్త ఆమెను చూసి నవ్వింది. ఆ రోజు అందరం నవ్వుతూనే ఇళ్ళకు పోయాం.

తర్వాత కొన్నాళ్ళకు ఈరేష్ అనే ఇంజనీరు వచ్చాడు. ఎక్కడో ఎవరిదో సొంత కుంట తెగిందట. అందుకని ప్రైవేటువాళ్ళ కట్టలు కూడా చూసి, ప్రమాదాన్ని బట్టి తరగతులు వేయమని పైనుంచి చెప్పారట. సన్నగా, బూట్ల నిండా దుమ్ముతో ఉన్నాడు. కట్ట పొడవునా నడిచాడు, కిందికి దిగాడు, ఇళ్ళ మధ్య తిరిగాడు. మా అరుగు మీద కూర్చుని టీ తాగుతూ చెప్పాడు.

"పెద్దాయనా, మీ కట్ట ఇంతకుముందు తక్కువ ప్రమాదం తరగతిలో ఉండె. ఇప్పుడు ఎక్కువ ప్రమాదం కిందికి మార్చాల."

మామకు రోషం వచ్చింది. "ఏం సారూ! నా కట్టలో పిడికెడు మట్టి కదిలిందా? యాడన్నా పగిలిందా? మా నాయన వేసినప్పుడు ఎట్లుండెనో ఇప్పుడూ అట్లే ఉండాది."

"కట్ట గట్టిదా కాదా అని వేసే తరగతి కాదిది. ఒకవేళ తెగితే కింద ఎవరుండారు అని చూస్తాం. అప్పుడు కింద కంపచెట్లు. ఇప్పుడు పిల్లోల్లు ఆడుకుంటాండారు."

"వాల్లొచ్చి కింద ఇండ్లు కట్టుకుంటే నా కట్ట చెడిపాయెనా?"

ఈరేష్ గ్లాసు కింద పెట్టాడు. "మరవ మీద బండలు తీసేయండి. కాలవ తెరవండి. ఊట కాడ తవ్విన బొక్కలో ఇసుక, కంకర పోసి అదమాల. శానా తప్పు పని చేసినారు అది."

అత్త మొహం మాడిపోయింది. ఈరేష్ పోతూ పోతూ ఊట దగ్గర నన్ను చూసి ఆగాడు.

"అక్కా, ఈ నీల్లు తేటగా ఉన్నన్నాల్లు ఫరవాలేదు. రంగు తిరిగితే మాత్రం, లోపల కట్ట మట్టిని కోసుకుని వస్తాందని అర్థం. ఆ రోజు కింద ఒక్కరూ ఉండగూడదు." తన నంబరు చెప్పి నా ఫోన్‌లో ఎక్కించాడు.

ఆయన బండి మలుపు తిరగ్గానే మామ పకపకా నవ్వాడు. "నీల్లు లేని కట్టను చూసి భయపడతాండాడు, పాపం, చదువుకున్నోడు!" అత్త కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ రాత్రి నుంచి నాకు సరిగ్గా నిద్ర కూడా రాలేదు. పొద్దున లేస్తూనే ఊట దగ్గరికి పోయి దోసిట్లో నీళ్ళు పట్టి చూసేదాన్ని. తేటగా ఉంటే ఆ పూటకు అన్నం దిగేది.

కృపమణి కలుపుకు రావడం మానేసింది. ఏమైందోనని నేనే పోయాను. గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. రమ్మనలేదు, కూర్చోమనలేదు.

"ఇండ్లు ఖాళీ చేయిస్తారంట గదక్కా."

"ఎవరు చెప్పినారే?"

"ఎవరు చెప్తేనేం. ఆ సారు మీ అరుగు మీద టీ తాగె. మర్నాటి నుంచి మా ఇండ్లు ప్రమాదమని ఊరంతా మాట్లాడబట్టె. ఇన్నేండ్లు లేని ప్రమాదం మేమొచ్చినాకనే వచ్చెనా? మీ కట్ట చెడ్డదని మమ్మల్ని పొమ్మంటారా?"

నేను ఈరేష్ చెప్పింది చెప్పాను. ఊట సంగతి, మరవ సంగతి చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"మరవ మీద బండలు పెట్టిందెవరు? తియ్యాల్సిందెవరు? పోయి ఆయనకు చెప్పు."

చెప్పాను. మామ విన్నాడు. "మిరప పూత మీదుండాది. కాలవ తెరిస్తే మిరప యాడుంటాది? నువ్వు ఊరికే దిగులు పెట్టుకోవద్దమ్మా," అని తువ్వాలు దులిపి లేచాడు. మంచివాడే మామ. నన్ను ఏనాడూ గట్టిగా ఒక మాట అనలేదు. ఆ మంచితనంతోనే నా నోరు మూయించాడు.

వినాయక చవితి వెళ్ళాక వాన పట్టుకుంది. ఆగి ఆగి, మళ్ళీ పట్టుకుని, దసరా వేళకు కట్ట నిండిపోయింది. నీళ్ళు బండముక్కల వరసకు తగిలి నిలబడ్డాయి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా జనం చూడటానికి వచ్చారు. ఆటోల్లో వచ్చి ఫోటోలు దిగారు. అత్త కొత్త చీర, పసుపూ కుంకుమా, గాజులు చేటలో పెట్టి నీళ్ళలో వదిలింది. పొట్టేలును కోశారు. మామ కట్ట మీద నిలబడి, "నాయనా, చూస్తాండావా?" అని పైకి చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన కంట నీళ్ళు చూడటం నాకదే మొదలు. నాకూ ఏడుపొచ్చింది. అందరూ సంతోషం పట్టలేక అనుకున్నారు. నేను కట్ట మీద నిలబడితే అరికాళ్ళ కింద మట్టి వణుకుతున్నట్టు అనిపించి ఏడ్చాను. వణికింది నా కాళ్ళేనేమో కూడా.

ఊట పొంగింది. మొదట మణికట్టు లావు, తర్వాత పిక్క లావు. గంగమ్మ కరుణించిందని ఆడవాళ్ళు బట్టల మూటలతో దిగారు. నాలుగో రోజో ఐదో రోజో నేను తెల్ల దుప్పటి జాడించి ఆరేశాను. మర్నాటి పొద్దునకు ఆరాక చూస్తే పలచగా ఎర్రటి చార. స్టీలు చెంబుతో ఊటనీళ్ళు పట్టుకొచ్చి వంటింట్లో ఒక మూల పెట్టి, కూర తరిగి వచ్చి చూశాను. అడుగున వేలి మందాన ఎర్రమట్టి పేరుకుని ఉంది.

చెంబు పట్టుకుని మామ దగ్గరికి పరిగెత్తాను.

"కొత్త నీల్లమ్మా. కొత్త నీల్లు ఎర్రగానే ఉంటాయి."

"పైన చెరువులో నీల్లు తేటపడినాయి మామా. ఊట నీల్లే ఎర్రగా వస్తాండాయి."

ఆయన చెంబులోకి చాలాసేపు చూశాడు. తర్వాత ఆకాశం వైపు చూశాడు. మబ్బు గుట్ట మీదికి దిగి ఉంది. వాయుగుండం అని పొద్దుట్నుంచీ ఫోన్లలో చెబుతూనే ఉన్నారు.

"రేపు చూద్దాంలే," అన్నాడు.

వీరభద్రకు ఫోన్ చేశాను. హోసూరులో ఉన్నాడు. "నాయనకు చెప్పు," అన్నాడు. చెప్పానన్నాను. "మల్లా చెప్పు," అన్నాడు. ఆ ఫోన్ ఊటలో పారేద్దామనిపించింది. ఈరేష్‌కు చేశాను. ఆయన వేరే చెరువు దగ్గర ఉన్నాడు, వెనక జనం అరుపులు వినిపిస్తున్నాయి.

"అక్కా, కింద వాల్లను వెంటనే లేపు. మరవ కొట్టించు. నేను బయల్దేరతా, కానీ మధ్యలో వంక పారతాండాది, దాటగలిగితేనే వస్తా."

అప్పటికి ఇంకా మధ్యాహ్నం కాలేదు. తుంపర పడుతోంది. కిందికి పోయి ఇల్లిల్లూ తిరిగాను. ఎత్తున ఉన్న ఊరి బడికి పొండి, పిల్లల్నన్నా పంపించండి అని చేతులు పట్టుకున్నాను. ఎవరూ కదల్లేదు.

"పొద్దున మమ్మల్ని బడికి పంపిస్తారు, సాయంత్రానికి ఇండ్లకు తాళాలేస్తారు," అన్నాడు ఒక పెద్దాయన. ఆయన కళ్ళలో నా మీద కోపం లేదు. ఇల్లు పోతుందన్న భయం ఉంది. నా భయం నాకు పెద్దదైతే ఆయన భయం ఆయనకు పెద్దది.

కృపమణి ఒక్క మాటే అంది. "అంత భయముంటే మీ మామను మరవ తియ్యమను. మమ్మల్నేంటికి కదిలిస్తాండావు?"

తడిసి ఇంటికొచ్చాను. మామ మంచం మీద కూర్చుని మోకు అల్లుతున్నాడు. చేతులు అల్లుతున్నాయి, చూపు మాత్రం కట్ట వైపే ఉంది. ఆయనకూ భయంగానే ఉంది, నాకు తెలుసు. కానీ మరవ కొట్టడానికి ఆయన చేతులు రావు. జీవితమంతా నీళ్ళ కోసం ఎదురుచూసిన మనిషి. శివకుమారి ఆయన పక్కన కూర్చుని బొరుగులు తింటోంది. తెగితే కింద ఎవరుండారు అని చూస్తాం అన్న ఈరేష్ మాట అప్పుడు నా తలలో తిరిగింది. అది ఆలోచన కూడా కాదు. భయం ముదిరి ఏదో ఒకటి చేయించింది.

పిల్లను చంకనేసుకున్నాను. అత్త అడ్డం వచ్చింది.

"యాడికే ఈ వానలో?"

"కృపమణి ఇంటికి. పాప ఇంక ఆడనే ఉంటాది. రాత్రికి ఆడనే పండుకుంటాది. మామకు చెప్పు అత్తా." నా గొంతు నాకే వినపడలేదు. మామకు మాత్రం వినపడింది. మోకు అల్లే చేతులు ఆగాయి.

కృపమణి తలుపు తీసి, నన్నూ పిల్లనూ చూసి, ఏంటికొచ్చినావని అడిగింది. కూర్చోవడానికి అన్నాను. ఆమెకు అర్థమైందో లేదో తెలీదు. చాప పరిచింది. శివకుమారి నా ఒళ్ళోంచి జారి ఆమె పిల్లలతో గోళీలాటలో పడింది. వెనక గోడ అవతలి నుంచి ఊట చప్పుడు వినిపిస్తోంది. పైన మా ఇంట్లో ఉన్నప్పుడు అది నీళ్ళ చప్పుడు. ఇక్కడ అది వేరు. ఎవరో పెద్ద గొంతుతో గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతున్నట్టుంది. ఉరిమినప్పుడల్లా లేచి పిల్లను పట్టుకునేదాన్ని. అది విదిలించుకుని పోయేది. తల్లినేనా నేను, బిడ్డను తెచ్చి ఇక్కడ పెట్టాను అనిపించింది. తీసుకుని పరిగెత్తుదామని రెండు సార్లు లేచాను. చుట్టూ ఉన్న పిల్లల్ని చూసి మళ్ళీ కూర్చున్నాను. కృపమణి నన్నే చూస్తోంది. మామ రాకపోతే ఏం చేయాలో నాకు తెలీదు. నా ధైర్యం సాయంత్రం దాకా నిలిచే రకం కాదు.

పొద్దు ఇంకా ఉండగానే వచ్చాడు. నెత్తిన గోనెసంచి కప్పుకుని వాకిట్లో నిలబడ్డాడు. ఆ ఇళ్ళు లేచాక ఆయన అటు రావడం అదే మొదటిసారి.

"పిల్లను పంపమ్మా."

"పంపను మామా."

"మతి పోయిందా నీకు? ఏమయ్యిందని? ఆ కట్టను చూడు, ఎట్లుండాదో..." అని చెయ్యెత్తి వెనక్కి తిరిగాడు. చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఎప్పుడూ కట్ట మీద నడిచిన మనిషి. కింద నిలబడి, నిండిన కట్టను ఏనాడూ చూడలేదు. ఇక్కణ్ణుంచి అది సగం ఆకాశాన్ని మూసేసింది. దాని కాళ్ళ దగ్గర ఊట నెత్తురు రంగులో ఎగజిమ్ముతోంది. అత్త పేర్చిన రాళ్ళు ఎప్పుడో కొట్టుకుపోయాయి.

"జేజినాయనా, లోపలికి రా, గోళీలాట చూద్దువు," అని లోపల్నుంచి శివకుమారి అరిచింది.

ఆయన లోపలికి రాలేదు. పిల్లను మళ్ళీ అడగలేదు. గోనెసంచి సరిచేసుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికే పోయాడనుకున్నాను. అయిపోయింది, ఇంక పిల్లను తీసుకుని పోదామని లేచాను. అప్పుడు గుట్ట వైపు నుంచి ఠంగ్ మని వినిపించింది. ఆగి, మళ్ళీ. వానకు గనిలో పని లేక మూల కూర్చున్న ఏసేపు తల ఎత్తాడు.

"సమ్మెట దెబ్బ," అన్నాడు. ఇంకో దెబ్బ విన్నాడు. "సిమెంటు మీద పడతాండాది. ముసలాయన, ఒక్కనితో అయ్యే పని కాదది." గోడకు ఆనించిన తన సమ్మెట తీసుకుని బయటికి నడిచాడు. పక్క ఇళ్ళ మగవాళ్ళను కేకేశాడు. రాయి కొట్టడమే పనిగా బతికేవాళ్ళు, నలుగురైదుగురు వానలో పరిగెత్తారు. దెబ్బలు చిక్కబడ్డాయి.

తర్వాత ఒక్కసారిగా పెద్ద హోరు. కట్ట తెగిందని నేను గట్టిగా అరిచి పిల్ల మీద పడ్డాను. కృపమణి తన పిల్లలతో సహా నా మీద పడింది. అలా ఎంతసేపున్నామో. గోడలు అలాగే ఉన్నాయి. హోరు దూరంగా, గుట్ట పక్కనుంచి పోతోంది. అది మరవ. మా మరవ పారుతోంది.

ఆ పూటే పిల్లా జెల్లా అందరూ బడికి చేరారు. తాళాలు ఎవరి తాళాలు వాళ్ళే వేసుకున్నారు. రాత్రంతా మరవ పారి, తెల్లారేసరికి నీళ్ళు బండల వరస కంటే కిందికి దిగాయి. ఊట సన్నబడింది. ఈరేష్ వంక దాటి వచ్చి, ఇసుకా కంకరా తోలించి బొక్క మీద అదిమించాడు. మరవను ఇంకా లోతుగా కొట్టించాడు. ఈసారి మామ అడ్డు చెప్పలేదు. కట్ట నిలిచింది. మిరప నిలవలేదు. పూతకొచ్చిన తోటంతా ఒకే పక్కకు పడుకుని, దాని మీద జానెడు ఇసుక మేట వేసింది. మామ గట్టు మీద కూర్చుని దాన్నే చూస్తూ ఉండిపోయాడు. నేను దగ్గరికి పోతే, "పాప తినిందా?" అని మాత్రం అడిగాడు.

ఊళ్ళో అందరూ మామను మెచ్చుకున్నారు. శేషన్న సొంత పంట పోగొట్టుకుని పదిమందిని కాపాడినాడు అన్నారు. నన్నూ మెచ్చుకున్నారు. ఇంత పిరికిదానికి అంత ధైర్యం యాణ్ణుంచి వచ్చె అని అత్త వచ్చినవాళ్ళందరికీ చెప్పి మురిసింది. నాకూ లోపల కొంచెం గర్వంగానే ఉంది, దాచుకోవడమెందుకు.

వాన వెలిశాక కృపమణి కలుపుకు వచ్చినట్టే వచ్చింది. పిలవకుండానే వచ్చి, పడిన మొక్కల్లో బతికేవి ఏమైనా ఉన్నాయేమోనని నాతో పాటు ఏరుతోంది. ఏదో ఒక మంచి మాట అంటుందని నేను ఎదురుచూస్తున్నాను.

"అక్కా, ఒక మాటడుగుతా. ఏమనుకోవు గదా?"

"అడుగే."

"నీ బిడ్డ వచ్చి ఒక్క పూట కూచునింది, మరవ మీద సమ్మెట పడె." ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడుగుతోంది. "మా పిల్లోల్లు రెండేండ్ల సంది ఆడనే పండుకుంటాండారు గదక్కా. కట్ట కింద వాల్లు లేనట్టేనా?"

నా చేతిలో మిరప మొక్క ఉంది. వేరు తెగలేదు, నాటితే బతుకుతుంది. ఎక్కడ నాటాలో తోచక అలాగే నిలబడ్డాను. కృపమణి వంగి, బురదలో చెయ్యి పెట్టి, తర్వాతి మొక్కను లేపుతోంది.